లీకేజీ విభాగం వారి కళాన్వేషణ

మా కార్పొరేషన్‌లో సంస్కృతికి ఒక విభాగం ఉండేది. దాని అధికారిని ఒకసారి దోమల నిర్మూలనకు పంపించారు. ఆయన తిరిగి రాలేదు, అక్కడ పని కనిపిస్తోందన్నాడు. అందువల్ల, "నగరంలో మరుగున పడి ఉన్న స్వతంత్ర సంగీత కళాకారులనూ, చిత్రకారులనూ యుద్ధప్రాతిపదికన గుర్తించవలెను" అని కమిషనర్ గారు సర్క్యులర్ ఇచ్చినప్పుడు, ఆ యుద్ధానికి ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది.

కమిషనర్ గారు ఏదో మహానగరంలో సదస్సుకు వెళ్ళి అప్పుడే వచ్చారు. రోడ్లూ కాలవలూ ఏ ఊరివాళ్ళైనా వేసుకుంటారనీ, సొంత పాట, సొంత బొమ్మ ఉన్నదే అసలైన నగరమనీ అక్కడ ఒక వక్త చెప్పాడట. ఇక రోడ్లూ కాలవలూ అంత అవసరం కాదని అర్థమై, మా ఇంజనీర్లందరూ ఆ వక్తను మనసారా మెచ్చుకున్నారు.

"మన సంస్థలో వినడమే వృత్తిగా గల ఉద్యోగులు ఎవరున్నారు?" అని కమిషనర్ గారు సమావేశంలో అడిగారు.

ప్రజల ఫిర్యాదుల విభాగం ఉంది గానీ, వాళ్ళు తమ పేరు రాకుండా కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు. చివరికి మా సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్.ఈ., విశ్వేశ్వర్రావు గారు లేచి, "లీకేజీ విభాగం సార్" అన్నారు.

ఆ విభాగానికి అసిస్టెంట్ ఇంజనీర్ని నేనే. నా పేరు గేదెల ప్రభాకరం. నా కింద అప్పలకొండ, అతని చేతిలో ఒక పొడవాటి ఇనుప కడ్డీ, వెనకాల తవ్వకం ముఠా ఉంటాయి. ఆ కడ్డీని నేలకు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుంటే భూమిలో పైపు ఎక్కడ కారుతోందో వినిపిస్తుంది. అంటే అప్పలకొండకు వినిపిస్తుంది. నాకు నా గుండె చప్పుడే వినిపిస్తుంది. వినిపించిన చోట అతను ఎర్రరంగుతో ఇంటూ గుర్తు పెడతాడు. మర్నాడు ముఠా వచ్చి, ఎర్ర గుర్తు ఎక్కడుంటే అక్కడ, ఎవరినీ ఏమీ అడక్కుండా తవ్వేస్తుంది. ఈ పద్ధతి మా తాతల కాలం నుంచీ ఉంది.

చిత్రకారులను వెతికే పని గోడల శుభ్రత దళానికి ఇచ్చారు. దాని నాయకుడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిల్లేశ్వరరావు. ఊళ్ళో ఏ గోడ మీద ఏం రాసి ఉందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దాని మీద సున్నం కొట్టించేది అతనే మరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేం చేపలరేవు పేటలో ఒక లీకు కోసం వెతుకుతున్నాం. ట్యాంకులోంచి నిండుగా బయలుదేరిన నీరు ఆ పేట కుళాయిల దగ్గరకు వచ్చేసరికి దారప్పోగంత అయిపోతోంది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మా ఆఫీసు మెట్లమీద కూర్చుని వెళ్ళారు.

"ఆ లీకు దొరికేదాకా ఆగుదాం సార్" అన్నాను ఎస్.ఈ. గారితో.

"నీరు ఎక్కడికి పోతుందయ్యా? ముందు కళ సంగతి చూడు" అన్నారాయన.

ఎక్కడికో పోతోందనే కదా మేం వెతుకుతున్నది. కానీ ఆ మాట అనడానికి నాకింకా సర్వీసు ఉంది.

అప్పలకొండ మాత్రం కొత్త పనికి ఏ ఇబ్బందీ పడలేదు. నేలకు ఆనించే కడ్డీని గోడకు ఆనించాడు, అంతే తేడా. మొదటి ఇంట్లో దొరికింది రేడియో. రెండో ఇంట్లో ఒకాయన భార్యమీద కేకలేస్తున్నాడు. దాన్ని అప్పలకొండ నాచేత జానపదం కింద రాయించాడు. మూడోది చేపలరేవులో మూతబడిన ఐసు ఫ్యాక్టరీ. చాలాసేపు చెవి తియ్యలేదు.

"బాబూ, ఇది కొత్తదండి" అన్నాడు. "ఆడగుంట గొంతు. పెషరు బాగుంది. ఈ పాట నానెక్కడా ఇన్నేదు. సినిమాది కాదు, గుళ్ళోది కాదు. ఈళ్ళే కట్టినట్టున్నారు."

నేను కడ్డీ అవసరం లేకుండా తలుపు సందులోంచే విన్నాను.

"కొళాయి తిప్పితే గాలొచ్చినాది, గాలికే మా బిందె నిండిపోనాది" అని పాడుతోంది ఆ అమ్మాయి. వెనకాల గిటారు, డోలు. నాకు బాగా నచ్చింది. మా శాఖ మీద ఇంత మంచి నివేదిక నేనెప్పుడూ చూడలేదు.

అప్పలకొండ గుమ్మం ముందు ఎర్ర గుర్తు పెట్టాడు. అలవాటు కొద్దీ పెట్టాడు. అలవాటు కొద్దీ నేనూ చూస్తూ ఊరుకున్నాను. మర్నాడు ముఠా వచ్చి అక్కడ నడుముల్లోతు గొయ్యి తవ్వింది.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆ గాయని గొయ్యికి అవతల నిలబడి ఉంది. పేరు హైమ. పొద్దున్నపూట రేవులో చేపల తూకం చూస్తుంది, సాయంత్రాలు ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో గిటారు వాయిస్తూ పాడుకుంటుంది. డోలు వాయించే ఇమ్మాన్యుయేలు వలలు బాగుచేస్తాడు. ఫ్యాక్టరీ బయటి గోడమీద బిందెలు మోసుకుపోతున్న ఆడవాళ్ళ వరసను, ఆ చివర నోరు తెరిచిన ఒక పెద్ద చేపను వేసిన ఖాదరు వాళ్ళ నేస్తం. ఈ ముగ్గురే ఆ షెడ్డులోని కళారంగం.

"ఇదేటండి?" అంది హైమ గొయ్యి చూపించి.

"మిమ్మల్ని గుర్తించామమ్మా" అన్నాను.

"గుర్తిత్తే గొయ్యి తీత్తారేటి?"

"మా పద్ధతి అది."

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి షెడ్డులో వాళ్ళ మొదటి కచేరీ. షెడ్డు యజమాని పైడిరాజు గారు ఒక షరతు పెట్టారు. ఆ రోజు షెడ్డు నిండా జనం వస్తే దాన్ని వాళ్ళకే వదిలేస్తారు. రాకపోతే సోమవారం నుంచి వలల గోడౌనుకు అద్దెకిస్తారు.

"ఇక్కడ పోతే మాకింకెక్కడా చోటు నేదండి" అంది. "ఇంట్లో పాడితే మా నాన్న రేడియో పెడతాడు. మొత్తం ఒక్క ఆదోరమే ఉంది మాకు. మీరు ఈ గొయ్యి పూడ్చీసి ఎల్లిపోతే అదే పదేలు."

ఇంతలో గోడవైపు నుంచి సున్నం వాసన వచ్చింది. డిల్లేశ్వరరావు దళం చేపకు తోకదాకా సున్నం కొట్టేసి, ఆడవాళ్ళ బిందెల మీదికి వస్తోంది.

"అదేంటి, చిత్రకారుణ్ణి గుర్తించమన్నారు కదా?" అన్నాను.

"గుర్తించాం సార్" అన్నాడు డిల్లేశ్వరరావు వినయంగా. "కొట్టకముందు ఒక ఫోటో, కొట్టాక ఒక ఫోటో. రెండూ పెడితేనే పని పూర్తయినట్టు." తరవాత ఖాదరువైపు తిరిగి, "బాబూ, రేపు కూడా ఒకటి వెయ్యవా? వారానికింతమందిని గుర్తించాలని పైనుంచి నెత్తిమీద కూర్చున్నారు. గోడ తెల్లగా చేసి ఇస్తున్నాను కదా" అన్నాడు.

ఖాదరు గోడను తడిమి చూశాడు. సున్నం శుభ్రంగా, నున్నగా పట్టింది. ఇంత మంచి గోడ అతనికి ఎన్నడూ దొరకలేదు. సరే అన్నాడు.

శుక్రవారం సమీక్షలో డిల్లేశ్వరరావుకు చప్పట్లు కొట్టారు. ఒక్క ఐసు ఫ్యాక్టరీ గోడమీదే అతను రోజుకొక చిత్రకారుణ్ణి గుర్తించి సరిచేశాడు. అందరూ ఖాదరే అన్న సంగతి ఎవరూ అడగలేదు.

తరవాత నా వంతు వచ్చింది. మా కంప్యూటరులో ఏ లీకుకైనా రెండే దశలు, గుర్తించబడినది, సరిచేయబడినది. కళాకారులను కూడా అందులోనే ఎక్కించమన్నారు. నా కళాకారులందరూ మొదటి దశలోనే ఎర్రగా వెలుగుతున్నారు.

"ఏమిటీ పెండింగు?" అన్నారు కమిషనర్ గారు. "గుర్తించి వదిలేయడం బాధ్యతారాహిత్యం. గుర్తించబడిన ప్రతి కళాకారుడూ నిర్ణీత గడువులోగా సరిచేయబడాలి."

"సంగీతాన్ని సరిచేయడమంటే ఎలాగ సార్?" అని అడిగాను.

దానికి ఎస్.ఈ. గారు జవాబిచ్చారు. "ప్రభాకరం, లీకు సరిచేశాక కడ్డీ పెట్టి వింటే ఏం వినిపిస్తుంది?"

"ఏమీ వినిపించదు సార్."

"అదే ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మన సిబ్బంది అన్ని వార్డుల్లోనూ ఏకకాలంలో కడ్డీలు పెట్టి విందురు గాక. ఎక్కడా ఏమీ వినిపించనిచో, దేశంలోనే తన స్వతంత్ర సంగీతాన్ని సంపూర్ణంగా గుర్తించి, సంపూర్ణంగా సరిచేసిన తొలి నగరంగా మనల్ని మనం ప్రకటించుకుంటాం."

కమిషనర్ గారి ముఖం వికసించింది. ప్రకటనకు పక్క రాష్ట్రం నుంచి కూడా అతిథులను పిలవాలన్నారు.

నేను బయటికొచ్చి స్కూటరు మీద కూర్చున్నాను గానీ స్టార్టు చేయబుద్ధి కాలేదు. ఆదివారం ఆరింటికే హైమ కచేరీ. పాడితే నా ఉద్యోగానికి ఎసరు. పాడకపోతే ఆ పిల్లలకు షెడ్డు పోతుంది. నా ఉద్యోగం నాకు ముఖ్యమే. కానీ కుళాయిలోంచి గాలి వచ్చే పాట విన్న రోజు నుంచీ నా నోట్లో ఆడుతోంది, దాన్ని నేనెక్కడ సరిచేసుకోను?

అప్పుడే ఆఫీసు గేటులోంచి నీళ్ళ ఆటో బయటికి వెళ్ళింది. మైకులో ఏ పేటకు ఎన్నింటికి నీళ్ళు వదులుతారో చెప్పుకుంటూ తిరిగే ఆటో అది. దాన్ని చూడగానే నాకు మా నిబంధన ఒకటి గుర్తొచ్చి, మెట్లు రెండేసి ఎక్కుతూ ఎస్.ఈ. గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, సరఫరా వేళల్లో పైపులో చప్పుడు వస్తే అది లీకు కింద రాయకూడదు కదా?"

"కూడదు. అది సక్రమ ప్రవాహం."

"చేపలరేవు ఐసు ఫ్యాక్టరీకి ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా సంగీతం సరఫరా వేళగా మనం ప్రకటిస్తే, అక్కడ వచ్చే చప్పుడు లీకు కాదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తొలి నగరం అన్న మాటకు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని ఆలోచించారు. తగలదని తేలింది.

"అంటే మనం వదిలితే వస్తుంది, కట్టేస్తే ఆగుతుంది. అప్పుడది శాఖాపరమైన సంగీతం అవుతుంది" అన్నారు. "మంచి ఆలోచన. ముందే ఎందుకు చెప్పలేదు?" సంతకం పెట్టేశారు.

ఈ కబురు చెప్తే హైమ నావైపు వింతగా చూసింది.

"మా పాట మీరు సరఫరా చేత్తారా? మా పాట మేం పాడుకుంటాం సార్. మీరు ఊరుకుంటే సాలు."

"ఊరుకోవడానికి మా శాఖలో నిబంధన లేదమ్మా. సరఫరాకి ఉంది. నా మాట విని పాడు."

ఆమె ఇమ్మాన్యుయేలు వైపు చూసింది. అతను భుజాలెగరేశాడు. వాళ్ళిద్దరూ గొయ్యిమీద ఒక పాత తలుపు చెక్క పరిచి, జనం వచ్చే దారి సిద్ధం చేశారు.

శనివారమంతా నీళ్ళ ఆటో చేపలరేవులో తిరిగింది. "ఆదివారం సాయంత్రం ఆరు గంటల నుండి ఐసు ఫ్యాక్టరీ వద్ద స్వతంత్ర సంగీత సరఫరా జరుగును" అని మైకులో స్పష్టంగానే చెప్పారు. కానీ మా ఊళ్ళో నీళ్ళ ఆటో ఏం చెప్పినా జనం చెవికెక్కేది రెండే, ఎక్కడ, ఎన్నింటికి. మిగతాది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఎవరూ వినరు.

ఆదివారం అయిదింటికే ఐసు ఫ్యాక్టరీ ముందు బిందెల వరస మొదలైంది. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బిందెలు, రంగు డబ్బాలు, ఒక సైకిలుకు కట్టిన పీపా. ఆరయ్యేసరికి వరస మలుపు తిరిగి చేపల మార్కెట్టు దాకా పోయింది. షెడ్డు తలుపులు తీయగానే పేట పేటంతా లోపలికి తోసుకొచ్చేసింది. ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్న పైడిరాజు గారు ఇంతమందిని చూసి లేచి నిలబడ్డారు.

లోపల కుళాయి లేదు. ఒక అమ్మాయి, ఒక గిటారు, ఒక డోలు, ఒక మైకు ఉన్నాయి.

వరసలో అందరికన్నా ముందున్న గౌరమ్మ, మా ఆఫీసు మెట్లమీద ధర్నా చేసినామె, బిందె చంకన పెట్టుకునే నా దగ్గరకు వచ్చింది.

"ఏటి బాబూ ఇది? నీల్లెక్కడ? నీల్లని సెప్పి పాటలు పాడిత్తన్నారా?"

"నీళ్ళని చెప్పలేదమ్మా, సంగీతమని..."

"నీల్లబండి మీద వొచ్చి సెప్తే నీల్లు కాపోతే మరేటి?"

వెనకనుంచి బిందెలు నేలకేసి కొట్టడం మొదలైంది. నేను తలుపు ఎటుందో చూసుకున్నాను. హైమ మాత్రం మైకు వదల్లేదు. ఇమ్మాన్యుయేలుతో ఏదో అని, కచేరీ చివర్లో పాడదామనుకున్న పాట ముందే ఎత్తుకుంది.

"కొళాయి తిప్పితే గాలొచ్చినాది..."

గౌరమ్మ తిట్టబోయి ఆగింది.

"గాలికే మా బిందె నిండిపోనాది. నిండిన బిందె మా అత్త సూసినాది, గాలితో అన్నమొండమన్నాది."

ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు వరసంతా పాకింది. కోపంతో బిందెలమీద కొడుతున్న చేతులు ఎప్పుడు తాళంలో పడ్డాయో నాకు తెలియదు. గౌరమ్మ తన బిందె బోర్లించి దానిమీద కూర్చుని, పక్కామె బిందెమీద వాయించింది. రెండో చరణానికి షెడ్డంతా పాడుతోంది. పైడిరాజు గారి తల్లి, డెబ్బై దాటినావిడ, రంగు డబ్బాతో ముందుకొచ్చి అందరికన్నా గట్టిగా కొట్టింది. ఆయన ఏం చేస్తారు పాపం, మళ్ళీ కూర్చున్నారు. గోడౌను మాట ఆ తరవాత ఎత్తలేదు.

నాకు కడుపు నిండిపోయింది. ఇరవయ్యేళ్ళుగా ఈ పేటకు నేనిచ్చిన దానికన్నా ఎక్కువ ఆ పిల్ల ఒక్క పాటతో ఇచ్చింది.

అప్పలకొండ డ్యూటీలోనే ఉన్నాడు. మిగతావాళ్ళు చెవులతో వింటుంటే అతను షెడ్డు మధ్యలో కడ్డీని నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాట వింటున్నాడు. ఏదైనా అలా వింటేనే అతనికి తృప్తి. నాలుగో పాట అయ్యాక హైమ మంచినీళ్ళకని ఆగింది. బిందెలు ఆగాయి. షెడ్డంతా నిశ్శబ్దమైంది. అప్పలకొండ మాత్రం చెవి తియ్యలేదు.

"బాబూ" అన్నాడు మెల్లగా. "ఈ గుంట ఆగింది గానీ, కింద ఇంకెవులో ఆగనేదండి."

నేను కడ్డీ తీసుకున్నాను. మొదటిసారి నా గుండె చప్పుడు కాక వేరే చప్పుడు వినిపించింది. గలగలా, ఎడతెరిపి లేకుండా. చేపలరేవు నీళ్ళన్నీ ఆ షెడ్డు కిందే పోతున్నాయి. ఐసు ఫ్యాక్టరీ మూతబడినప్పుడు దాని పెద్ద పైపును మూసేయడం ఎవరో మరిచిపోయారు, అది నేలకిందే పగిలి కారుతోంది. అప్పలకొండ జేబులోంచి ఎర్రరంగు తీశాడు.

"గుర్తు పెట్టు" అన్నాను. "కానీ ముందు కచేరీ అవనీ."

సోమవారం ఆ లీకును కంప్యూటరులో ఎక్కించబోతే కుదరలేదు. కొత్త పథకానికి చోటు కోసం లీకుల రకాల్లోంచి 'నీరు' అన్నదాన్ని తీసేశారు. గాత్రం, వాద్యం, చిత్రం మాత్రమే ఉన్నాయి. గలగలమంటోంది కదా అని గాత్రం కింద ఎక్కించాను. అయినా అడ్డం పడింది. ఆదివారం ఊళ్ళో ఎక్కడా లీకు వినిపించలేదనీ, సంగీత సరఫరా ఘనవిజయమనీ విన్న కమిషనర్ గారు ఆ ఉదయమే ఇంకో సర్క్యులర్ ఇచ్చారు. గుర్తించబడిన ఏ కళాకారునికైనా ముందు సన్మానం చేయవలెను, పిమ్మటనే సరిచేయవలెను.

"నియమం నియమమే" అన్నారు ఎస్.ఈ. గారు. "శాలువా తెప్పించు."

అలా మా నగర చరిత్రలో మొదటిసారిగా ఒక పైపుకు సన్మానం జరిగింది. ముఠా ఐసు ఫ్యాక్టరీ నేల పగలగొట్టి గొయ్యి తీసింది. గొయ్యి పక్కన షామియానా, వేదిక, పూలదండలు. గౌరమ్మా, ఆమె వెనకాల బిందెలూ ముందు వరసలో. బయట గోడమీద ఖాదరు కొత్త బొమ్మ వేస్తున్నాడు, డిల్లేశ్వరరావు సున్నం బకెట్టుతో ఓపిగ్గా నిలబడి, "చేప కన్ను ఇంకొంచెం పెద్దది చెయ్యి బాబూ" అంటున్నాడు.

కమిషనర్ గారు సుదీర్ఘంగా ప్రసంగించారు. ఏళ్ళ తరబడి ఎవరి ప్రోత్సాహమూ లేకుండా, చీకట్లో, తనలో తాను గానం చేసుకున్న ఈ అజ్ఞాత కళాకారుణ్ణి వెలుగులోకి తెచ్చిన ఘనత కార్పొరేషన్‌దేనన్నారు. నీళ్ళు ఆయన బూట్లమీద చిమ్ముతున్నా చలించలేదు. ఎస్.ఈ. గారు వంగి శాలువాను పైపుమీద కప్పారు.

హైమకు కూడా ఒక శాలువా సిద్ధంగా ఉంది. పిలిచారు. ఆమె వేదిక ఎక్కలేదు.

"నాకొద్దండి" అంది కిందనుంచే. "ఇంకా శానా పాటలున్నాయి."

ఆ శాలువా నా చేతిలోనే మిగిలిపోయింది. గొయ్యిలో అప్పలకొండ పైపు పగులు దగ్గర వంగి, "బాబూ, రబ్బరు ముక్క ఇవ్వండి, కట్టెద్దును" అన్నాడు. స్టోరులో రబ్బరు లేదు, వచ్చే ఏడు టెండరుకు పెట్టారు. నా చేతిలో ఉన్నది కిందికి విసిరాను. అతను పైపుమీద అప్పటికే కప్పి ఉన్న శాలువాను మెలిపెట్టి పగులు చుట్టూ చుట్టాడు, దానిమీద రెండోది చుట్టి, బొటనవేలితో తొక్కిపెట్టి తాడు బిగించాడు. గలగల సన్నగిల్లింది. చివరికి ఆగిపోయింది.

వీధి చివర కుళాయి దగ్గరనుంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. గౌరమ్మా, బిందెలూ వేదికవైపు వెనక్కి కూడా చూడకుండా పరుగెత్తాయి. ఎస్.ఈ. గారు ఆఫీసుకు ఫోను చేసి కంప్యూటరులో సరిచేయబడినది అని నొక్కించారు.

కమిషనర్ గారు చుట్టూ చూసి, ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటన్నారు. మా ఊళ్ళో శాలువా కప్పాక గాత్రం ఆగిపోవడం కొత్తేం కాదు సార్, ఈసారి ఆగవలసినదే ఆగింది, అందామనుకున్నాను. అంతలో షెడ్డులో హైమ గిటారు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఒక బిందె బోర్లించుకుని కూర్చున్నాను.